మినహాయింపు సూత్రాన్ని రుజువు చేస్తుందా?

మొన్న ఒక దినపత్రికలో వ్యాసం చదువుతూ "మినహాయింపే నియమాన్ని నిరూపిస్తుంది కదా!" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. 'ఎక్సెప్షన్ ప్రూవ్స్ ద రూల్' అన్న ఇంగ్లీషు నానుడికి మక్కికి మక్కి అనువాదం. అనువాదం సంగతి అటుంచండి. ఒకడు సూత్రం చెప్పినప్పుడు దానికి విరుద్ధమైన దృష్టాంతం చూపితే సూత్రం బీటలు వారాలి గాని బలపడడమేమిటి? కుండకు చిల్లి ఉందయ్యా అంటే, ఆ చిల్లి వల్లనే కుండ గట్టిదని తేలిందన్నట్లుంది. ఇది వాదం కాదు, వాదంలోంచి జారుకునే దొడ్డిదారి.

పుట్టినప్పుడు ఈ మాట ఇంత అవివేకమైనది కాదు. దీని మూలం రోమను న్యాయస్థానంలో ఉంది. క్రీ.పూ. 56లో సిసెరో, బాల్బస్ అనే వాని పక్షాన వాదించాడు. బాల్బస్ స్పెయిన్ తీరంలోని గాడెస్ పట్టణస్థుడు. సేనాని పాంపే అతనికి రోమను పౌరసత్వం ఇచ్చాడు. అది చెల్లదని అభియోగం. రోము కొన్ని జాతులతో చేసుకున్న ఒడంబడికలలో, వారినెవరినీ పౌరులుగా చేర్చుకోరాదన్న మినహాయింపు స్పష్టంగా ఉంది. అక్కడ మినహాయించారు కనుక కూడదంటే, మినహాయించని చోట కూడుననే కదా అని సిసెరో వాదం. గాడెస్ ఒడంబడికలో ఆ షరతు లేదు. బాల్బస్ గెలిచాడు. క్రీ.పూ. 40లో కాన్సల్ పదవి కూడా పొందాడు.

ఈ తర్కమే 17వ శతాబ్దిలో ఇంగ్లండు న్యాయవాదుల నోట లాటిను సూక్తిగా నిలిచింది. మినహాయింపు అనేది, మినహాయించని సందర్భాలలో సూత్రాన్ని స్థిరపరుస్తుందని దాని భావం. జనం నోళ్ళలో పడేసరికి 'మినహాయించని సందర్భాలలో' అన్న తోక తెగింది. తోకతో పాటు అర్థమూ పోయింది.

ఒక గ్రంథాలయం తలుపు మీద 'శుక్రవారం సెలవు' అన్న పలక ఉంది. తక్కిన రోజులు తెరుస్తారని అందులో రాయలేదు. అయినా మనకు తెలుస్తుంది. మన శాస్త్రాల్లో అర్థాపత్తి అంటారే, ఇంచుమించు అదే. కాని మంగళవారం వెళ్ళి తాళం చూశామనుకోండి. 'ఈ తాళమే గ్రంథాలయం రోజూ తెరుస్తారని రుజువు చేస్తున్నది' అంటే నవ్వమా?

కొందరు ఇక్కడ అడ్డుపడతారు. 'ప్రూవ్' అంటే పూర్వం పరీక్షించడమనీ, కనుక మినహాయింపు సూత్రాన్ని పరీక్షిస్తుందని అర్థమనీ అంటారు. ఆ క్రియకు ఆ అర్థం ఉన్నమాట నిజమే. కాని ఈ నానుడి చరిత్ర అది కాదు. సిసెరో వాదంలో పరీక్ష ఊసే లేదు. 1926లో ఫౌలర్ కూడా తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో ఈ నానుడి వాడుకలను విడదీసి చూపుతూ న్యాయశాస్త్రపు అర్థాన్నే అసలుదన్నాడు.

వ్యాకరణం చదువుకున్నవారికి ఇది కొత్త కాదు. ఉత్సర్గం, అపవాదం అన్న జంట మనకుంది. అకారానికి అచ్చు పరమైతే గుణమన్నది ఉత్సర్గం: దేవేంద్రుడు. ఏ, ఓ, ఐ, ఔలు పరమైతే వృద్ధి అన్నది అపవాదం: ఏకైక. ఈ అపవాదాన్ని విధించినవాడు పాణినియే. విధించాడు కనుక తక్కిన చోట్ల గుణం నిలుస్తుంది. సూత్రకారుడు ఊహించని ప్రయోగం ఎదురైతేనో? కాత్యాయనుడు 'సూత్రం బలపడింది' అని చేతులు దులుపుకోలేదు, వార్తికం రాశాడు. తెలుగులో చిన్నయసూరి బాలవ్యాకరణంలో మిగిలిపోయినదాన్ని బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణంగా రాసి 'త్రిలింగ లక్షణ శేషము' అన్నారు. శేషం ఉందని ఒప్పుకోవడమే శాస్త్రం.

ఇంత కోపం ఒక్క నానుడి మీద ఎందుకంటారా? నేను పనిచేసిన ఒక బడిలో తోటి ఉపాధ్యాయుడొకాయన "ఈ కూలివాళ్ళ పిల్లలకు ఛందస్సు ఎక్కదండీ" అనేవారు. ఒకనాడు అలాంటి ఇంటి పిల్ల నల్లబల్ల మీద ఉత్పలమాల పాదానికి గణవిభజన చేసి, యతిస్థానం కూడా చూపింది. ఒక్క తప్పు లేదు. ఆయనకు చెప్పాను. "ఎక్సెప్షన్ ప్రూవ్స్ ద రూల్, మాస్టారూ!" అన్నారు. మరుసటి ఏడు అలాంటివారే మరి ఇద్దరు తేలారు. అప్పుడూ అదే మాట. ఎందరు కూడితే ఆ సూత్రం కూలుతుందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు, నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ బాధిస్తున్నది.

ఆ పిల్లను మినహాయింపు అన్నప్పుడు మెచ్చుకున్నట్లే ఉంటుంది. నిజానికి ఆమె విజయాన్ని లాక్కుని, ఆమె తోటివారందరి మీద వేసిన నింద అది. సంస్కృత వ్యాకరణంలో మినహాయింపు అని అర్థమున్న 'అపవాదం' తెలుగులో 'అపవాదు' అయి నింద అన్న అర్థంలో స్థిరపడింది. ఆనాడు ఆయన నోట ఆ రెండర్థాలూ ఒకటయ్యాయి.

మిత్రులారా, ఇకమీద ఎవరైనా ఈ మాట అంటే ఒక్క ప్రశ్న అడగండి: 'ఆ మినహాయింపును విధించినదెవరు?' సూత్రకారుడే ముందుగా విధించి ఉంటే సరే. ఎదురుగా కనబడ్డాక తగిలించినదైతే, మార్చుకోవలసింది సూత్రాన్నే. నేను ఆనాడు అడగవలసిన ప్రశ్న ఇది.