రెండు పెట్టెలు చాలు

మా రొళ్ల వైపు ఇప్పుడు పెళ్లి కుదిరిందంటే పురోహితుడి కన్న ముందు డీజే బండిని మాట్లాడుకుంటున్నారు. వినాయక నిమజ్జనమైనా, ఊరి జాతరైనా, గెలిచిన నాయకుడి ఊరేగింపైనా ముందు నడిచేది ఆ బండే. ఒక బొలేరో మీదనో, ఐచర్ లారీ మీదనో ఎనిమిదో పన్నెండో బేసు పెట్టెలను గోడలాగా పేర్చి, వాటి నెత్తిన టాపులు ఎక్కించి, రంగుదీపాలు చుట్టి, వెనక జనరేటరు బిగించి వీథిలోకి తోలుతారు. మా మండలం కర్ణాటక సరిహద్దున ఉంది కాబట్టి మడకశిర బండ్లకూ శిరా బండ్లకూ పోటీ. "వాళ్లది పన్నెండు పెట్టెలంట, మనం పదహారు పెట్టెలది పిలిపిద్దాం" అన్నదే ఊళ్లో జరిగే చర్చ. ఏ పాటలు వేస్తారన్న ప్రశ్న ఎవరికీ తట్టదు.

ఈ విషయం మీద రెండు వర్గాలవారు నిత్యం కొట్లాడుకుంటున్నారు. డీజే అన్నదే సంస్కృతికి పట్టిన చీడ, ఊరి పొలిమేరలోకి రానివ్వకూడదు అనేవారు ఒక వర్గం. మా సంబరం మా ఇష్టం, ఏడాదికొక్క రోజు ఓర్చుకోలేరా అనేవారు రెండో వర్గం. నేను ఈ ఇద్దరితోనూ విభేదిస్తున్నాను. స్పీకరు పెట్టెలు చేయించుకుని, విప్పి, మళ్లీ బిగించుకునే పిచ్చి నాకు ఏళ్ల తరబడి ఉంది. కాబట్టి బేసు మీద నాకు ద్వేషం లేదు. నా వాదమల్లా ఒక్కటే: మన ఊరి వీథికి, మన జనానికి సరిగా ఎంచి, సరిగా బిగించిన రెండు బేసు పెట్టెలు చాలు. మూడో పెట్టె నుంచి మొదలయ్యేది హోదా ప్రదర్శన, దానికి సంగీతంతో పని లేదు.

మొదట సంస్కృతి వాదులకు ఒక మాట. గుండెను తాకే మంద్రనాదం డీజే వాడు తెచ్చిపెట్టినది కాదు. మన అనంతపురం సీమలో దళిత కళాకారులు గ్రామదేవతల ముందు వాయిస్తూ ఆడే వాద్యానికి పేరేమిటి? ఉరుము. ఆ పేరు పెట్టినవారికి ఆకాశపు మోత నేల మీద వినిపించాలన్న కోరిక ఉన్నట్టే గదా! డప్పుకు నిప్పుసెగ చూపి బిగించుకున్నవాడికీ, కురుబల డోలు భుజాన వేసుకున్నవాడికీ కావలసింది ఆ లోతైన నాదమే. కాబట్టి బేసు కోరే కుర్రవాణ్ణి పరాయివాడిగా చూడడం అన్యాయం. అయితే ఉరుముకు ఒక హద్దు ఉంది. వాయించేవాడి చెయ్యి నొప్పి పుడుతుంది, ఊపిరి పట్టేస్తుంది, అతడు ఆగుతాడు. ఆ విరామంలో ఊరు మాట్లాడుకుంటుంది. జనరేటరుకు చెయ్యి నొప్పి పుట్టదు. అందువల్ల హద్దు మనమే గీయాలి.

ఇక బేసు స్వభావం చూద్దాం. 1000 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. అదే 50 హెర్ట్జ్ ధ్వని తరంగం దాదాపు 7 మీటర్లు. మా ఊళ్లలో చాలా సందులు అందులో సగం వెడల్పు కూడా ఉండవు. ఇంత పొడవైన తరంగానికి పెట్టె ముఖం ఎటు తిప్పామన్నది లెక్కలోకి రాదు. ముందుకు ఎంతో వెనక్కి అంతే, పక్కలకీ అంతే. మూలలు తిరుగుతుంది, తలుపులు దాటుతుంది. పాటలోని మాటలను గోడ ఆపగలదు గాని బేసును ఆపలేదు. అందుకే వీథిలో ఆడేవాడికి పాట వినిపిస్తే, లోపల పడుకున్న బాలింతకూ, మంచం పట్టిన ముసలాయనకూ వినిపించేది మోత ఒక్కటే. గొళ్లాలూ, అలమరలో గిన్నెలూ గలగలలాడతాయి. తమకు వినిపించని పాటకు వాళ్లు ఎందుకు సుంకం కట్టాలి?

పెట్టెలను ఎంచడంలో జరిగే తెలివితక్కువతనం మరొకటి. బండి యజమానులు, కుదుర్చుకునేవారు ఇద్దరూ చూసేది స్పీకరు అంగుళాలూ, వెనక అతికించిన వాట్ల చీటీ. ఆ చీటీ మీద ఉండేది తరచుగా క్షణకాలపు గరిష్ఠ శక్తి. నిలకడగా భరించే శక్తిని ఆర్.ఎం.ఎస్. అంటారు, చూడవలసింది దాన్ని. అంతకన్న ముఖ్యమైనది సున్నితత్వం, అంటే ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత మోగుతుందన్నది. 94 డెసిబెళ్ల స్పీకరుకు 1000 వాట్లు పోస్తే వచ్చే ధ్వని, 97 డెసిబెళ్ల స్పీకరుకు 500 వాట్లతోనే వస్తుంది. ఎందుకంటే 3 డెసిబెళ్లు పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. మంచి స్పీకరు రెండు కొనేవాడు నాసిరకంవి నాలుగు కొనేవాడి కన్న డీజిలూ మిగుల్చుకుంటాడు, యాంప్లిఫయరూ మిగుల్చుకుంటాడు.

బండ్ల మీద కనిపించేవి ఎక్కువగా ముందు రంధ్రమున్న పెట్టెలు. ప్రతి పెట్టెకూ ఆ రంధ్రాన్ని బట్టి ఒక పౌనఃపున్యం కుదిరి ఉంటుంది. అంతకన్న కింది ధ్వనులు పంపితే శబ్దం రాదు గాని స్పీకరు కాగితం మాత్రం అదుపు తప్పి ఊగుతుంది. ఆ ధ్వనులను ముందే కోసివేసే వడపోత పెట్టుకోవాలి. అది పెట్టకుండా, యాంప్లిఫయరును దాని శక్తికి మించి తోలితే ధ్వని తల తెగి బరబరలాడుతుంది, చివరికి లోపలి తీగచుట్ట మాడుతుంది. ఒక పెట్టెకు తీగలు తిరగేసి బిగిస్తే దాని పక్క పెట్టె పని కూడా అది చెరిపేస్తుంది. నేను చూసిన బండ్లలో ఇలా ఒకదానితో ఒకటి కుస్తీ పట్టే పెట్టెలు లేని బండి అరుదు. మోత చాలలేదని యజమాని ఇంకో రెండు పెట్టెలు తెస్తాడు. ఒక తీగ తిప్పి బిగిస్తే పోయేదానికి అప్పు చేస్తాడు.

పెట్టెల సంఖ్య పెరిగితే బండికి వచ్చే ముప్పు వేరు. 18 అంగుళాల స్పీకర్లు రెండున్న చెక్కపెట్టె ఒక్కొక్కటి 80 నుంచి 100 కిలోలు తూగుతుంది. పన్నెండు పెట్టెలంటే ఇంచుమించు టన్ను బరువు. దానికి టాపులు, యాంప్లిఫయర్లు, జనరేటరు, పైకెక్కి ఆడే కుర్రవాళ్లు కలపండి. సరుకు నేలకు దగ్గరగా మోయడానికి తయారైన బండి మీద ఆ బరువంతా ఎత్తున నిలుస్తుంది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది ఊరికే కాదు. ఇక కరెంటు సంగతి. 2022లో పశ్చిమ బెంగాల్ కూచ్ బిహార్ జిల్లాలో డీజే జనరేటరు ఉన్న పికప్ బండిలో విద్యుదాఘాతం తగిలి 10 మంది యాత్రికులు మరణించారు. 2024 ఆగస్టులో బీహారులో హాజీపూర్ దగ్గర డీజే బండి హైటెన్షన్ తీగకు తగిలి ఎనిమిది మందికి తక్కువ కాకుండా పోయారు. వాళ్లంతా దేవుడి పేరు మీద బయలుదేరినవాళ్లే. మన పల్లెల్లో తీగలు ఎంత ఎత్తున వేలాడుతున్నాయో ఎవరికివారు తలెత్తి చూసుకోవచ్చు.

"చట్టం ఉంది గదా, పోలీసులు చూసుకుంటారు" అనే మిత్రులకు నా జవాబు కొంత వివరంగా చెప్పాలి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్ స్పీకరు మోగించరాదు. ఆసుపత్రులకూ, బడులకూ, కోర్టులకూ చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. 2005 జులై 18న సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టి తీర్పే ఇచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి. కాని ఆ డెసిబెళ్లను కొలిచేది 'ఎ' అనే కొలబద్దతో. మనిషి చెవి సన్నని బేసును తక్కువగా వింటుంది కాబట్టి ఆ కొలబద్ద కూడా బేసుకు తగ్గింపు ఇస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 30 డెసిబెళ్లు! అంటే మీ గడప దగ్గర 85 డెసిబెళ్ల బేసు మోత ఉంటే మీటరు 55 అని చూపిస్తుంది. సరిగ్గా పగటి హద్దు. గిన్నెలు గలగలలాడుతుంటే కాగితం మీద ఊరు ప్రశాంతంగా ఉన్నట్టు! చెవిటివాడి ముందు శంఖమూదినట్టంటే ఇదే. 'సి' అనే మరో కొలబద్ద అదే చోట ఒక డెసిబెలుకు కాస్త ఎక్కువ మాత్రమే తగ్గిస్తుంది. బేసు ప్రధానమైన చోట 'ఎ' కొలత ఒక్కటే చాలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. మన నియమాలు మాత్రం 'ఎ' దగ్గరే ఆగాయి.

న్యాయంగా ఒక సంగతి ఒప్పుకోవాలి. చెవిని ఎక్కువగా చెడగొట్టేది బేసు కాదు, టాపులలోంచి వచ్చే పై ధ్వనులు. ఆ నష్టాన్ని అంచనా వేయడానికి 'ఎ' కొలతే సరైనది. అయితే బేసు గోడ పెరిగినప్పుడు పాట దానికింద మునిగిపోతుంది కాబట్టి టాపులనూ పెంచక తప్పదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కలో 85 డెసిబెళ్లను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర నిలబడగలిగేది 15 నిమిషాలు. మన ఊరేగింపులు గంటల తరబడి సాగుతాయి. బండికి రెండు బారల దూరంలో ఆడే పదిహేనేళ్ల పిల్లవాడికీ, పెట్టెల గోడను వీపున పెట్టుకుని పోనిచ్చే డ్రైవరుకూ ఈ లెక్క ఎవరు చెప్పారు? చెవి లోపలి సూక్ష్మకణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు.

నిషేధమే మార్గమంటారా? 2024 అక్టోబరులో హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. నగరానికి అది ఎంతవరకు తగునో నగరవాసులే చెప్పాలి. రొళ్లలో నిషేధమంటే అప్పు చేసి బండి కట్టించుకున్న కుర్రవాడి నోట మట్టి కొట్టడమే. ఆ వృత్తిలో ఉన్న ఒక తమ్ముడితో నా రెండు పెట్టెల సిద్ధాంతం చెప్పాను. నవ్వి, "అన్నా, రెండు పెట్టెల బండికి ఎవురన్నా అడ్వాన్సు ఇస్తారా? పక్కోడు పది పెడితే నేను పన్నెండు పెట్టాల్సిందే. పన్నెండూ పెట్టి నాకు మిగిలేదేముందన్నా, వడ్డీ తప్ప" అన్నాడు. నా వాదానికి ఇంతకన్న గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు. ఈ పోటీ వల్ల బండి యజమానే బాగుపడడం లేదు. అందరికీ ఒకటే హద్దు ఉంటే అతడు పెట్టెల సంఖ్యతో కాక పాటల ఎంపికతో, ధ్వని శుభ్రతతో, మంచి పేరుతో పోటీ పడతాడు. ఆ మిగిలిన సొమ్ములో కొంత ఉరుము వాయించేవారికి ఇచ్చి జాతరకు పిలవడానికి కూడా పెళ్లివారికీ, ఊరివారికీ చెయ్యి ఆడుతుంది.

"ఏడాదికొక్క రోజే గదా" అనేవారు లెక్క సరిచూసుకోవాలి. మీ ఇంటి పెళ్లి ఒక్క రోజే. ఊళ్లో వంద ఇళ్లున్నాయి, దేవుళ్లు ఉన్నారు, నాయకులున్నారు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ఊరు ఊరుకుంటే నీకేమి?" అని నన్ను అడిగినవారూ ఉన్నారు. ఊరు ఊరుకోలేదు, ఆ మోతలో ఊరి మాట వినిపించలేదు. పెళ్లివారితో వైరమెందుకని బాలింత తల్లి తలుపు వేసుకుంది. అంతే.

కాబట్టి నేను కోరేది చాలా చిన్నది. లౌడ్ స్పీకరుకు ముందుగా రాతపూర్వక అనుమతి కావాలని నియమాలు ఇప్పటికే చెబుతున్నాయి. ఆ అనుమతి పత్రంలో పెట్టెల సంఖ్య రాయండి: బేసు పెట్టెలు రెండు, టాపులు రెండు. బండి కప్పు కన్న ఎత్తు పేర్చరాదని రాయండి. ఆసుపత్రి దగ్గర మ్యూట్ చేయాలని, రాత్రి పదికి జనరేటరు ఆపాలని రాయండి. గ్రామసభలో ఒక తీర్మానం చేసి గుడి గోడ మీద రాయించండి. డెసిబెళ్లు కొలవడానికి మీటరు కావాలి, మీటరున్న అధికారి కావాలి, ఆ మీటరుకు బేసు వినపడాలి. పెట్టెలు లెక్కపెట్టడానికి రెండు కళ్లు చాలు. మూడో తరగతి పిల్లవాడు కూడా అరుగు మీద నిలబడి లెక్కపెట్టగలడు. చట్టం అమలు కావాలంటే దాన్ని కొలిచే సాధనం ఊరి చేతిలో ఉండాలి.

రెండు పెట్టెలతో ఆట రాదు, ఊపు రాదు అనేవారు ఎవరైనా ఉంటే రండి. మంచి స్పీకర్లు, సరైన వడపోత, తిన్నగా బిగించిన తీగలు నావి. పాట మీ ఇష్టం, తెలుగైనా కన్నడమైనా సరే. వీథి చివర దాకా అందరూ ఆడతారు. ఆ పక్కింట్లో పసిబిడ్డ నిద్ర లేవకపోతే నా వాదం నెగ్గినట్టు. లేస్తే మీ వాదం చెప్పండి, వింటాను. మాటలు వినిపించేంత నెమ్మదిగా చెబితే చాలు.