సునాద గాయకులు



లేవీయకాండము 25వ అధ్యాయములో సునాద సంవత్సరమును గూర్చి చదువుతాము. ఏబదియవ యేట దేశమంతటా బూర ఊదుతారు, దాసులు విడుదల పొంది తమ ఇండ్లకు తిరిగి వెళతారు. ఆ సంవత్సరము పేరు పెట్టుకొని దేశదేశాలు తిరిగిన ఒక చిన్న పాటల బృందము కథ ఈ నెల మీకు చెప్పాలని ఉంది.

అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రములో నాష్‌విల్ అనే పట్టణమున్నది. అక్కడ 1866లో, బానిసత్వము రద్దయిన మరుసటి యేడే, అమెరికన్ మిషనరీ అసోసియేషన్ వారు విడుదలైన నల్లజాతి వారి కోసము ఫిస్క్ విద్యాలయమును మొదలుపెట్టారు. అంతకు ముందు దక్షిణాదిలో అనేక రాష్ట్రాలలో బానిసకు చదువు చెప్పడమే నేరము. సైన్యము వదలివెళ్ళిన పాత ఆస్పత్రి షెడ్లే వారి తరగతి గదులు. ఐదేండ్లు గడిచేసరికి అప్పులు పెరిగి, విద్యాలయము మూసివేయవలసిన గతి పట్టింది.

జార్జ్ వైట్ అనే తెల్లజాతి ఉపాధ్యాయుడు అక్కడ కోశాధికారి, సంగీతము నేర్పేవాడు కూడా. ఆయన 1871 అక్టోబరు 6న తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని, పాడి విరాళములు కూర్చుదామని ఉత్తరాదికి బయలుదేరాడు. వారిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే. అందరిలో చిన్నదైన మిన్నీ టేట్‌కు పద్నాలుగేండ్లు. పియానో వాయించే ఎల్లా షెపర్డ్‌ను పసితనములో తండ్రి సొమ్ము చెల్లించి విడిపించుకొన్నాడు. తల్లిని మాత్రము యజమానురాలు విడువలేదు. యుద్ధము ముగిసిన తరువాతే ఆ తల్లీబిడ్డలు తిరిగి కలిశారు.

ప్రయాణము సుఖముగా సాగలేదు. రంగు చూసి అనేక హోటళ్ళవారు గది ఇవ్వలేదు. వచ్చే కానుకలు దారి ఖర్చులకే చాలేవి కావు. ఆ రోజులలోనే షికాగో నగరము అగ్నికి ఆహుతైంది. సిన్సినాటిలో తమకు వచ్చిన మొదటి కానుకను, యాభై డాలర్లకు లోపే అయినా, వారు ఆ బాధితులకే ఇచ్చివేశారు. విధవరాలి రెండు కాసులు ఇక్కడ జ్ఞాపకము రాక మానవు. తరువాత కొలంబస్ పట్టణములో, ఒక రాత్రి ప్రార్థనలో గడిపి, వైట్ వారికి "జూబిలీ సింగర్స్" అని పేరు పెట్టాడు. అంటే సునాద గాయకులు.

ఇంతకూ వారు పాడినవేమిటి? తామూ చదువుకొన్నవారమని చూపించడానికి మొదట తెల్లవారి పాటలే పాడారు. తమ తల్లిదండ్రులు బానిసత్వములో పాడుకొన్న పాటలు తమలో తామే, గది తలుపులు వేసుకొని పాడుకొనేవారు. అవి వారికి పరిశుద్ధమైనవి. అయితే గతించిన అవమానమును గుర్తుచేసేవి కూడా. పరాయివారి ఎదుట పాడడానికి మనసొప్పేది కాదు.

ఆ సంవత్సరము నవంబరులో ఓబర్లిన్‌లో సంఘనాయకుల మహాసభ జరిగింది. అక్కడ వారు "స్టీల్ అవే" అనే బానిసల పాటను మెల్లగా ఎత్తుకొన్నారు. మాటలాడుకొంటున్న సభ నిశ్శబ్దమైపోయింది. అప్పటినుండి ఆ పాటలే వారి కచేరీలకు ప్రాణమయ్యాయి.

ఆ పాటలు కట్టినవారెవరో తెలియదు. చెవితో విని నేర్చుకొన్నవే. మన నాట్ల పాటలవలె ఒకరు ఎత్తుకొంటే మిగిలినవారు అందుకొంటారు. "గో డౌన్ మోసెస్" ఫరో యెదుట నిలిచిన మోషేను గూర్చినది. లోబడి ఉండుడని యజమానులు బోధించారు గాని, బానిసలు అదే బైబిలులో నిర్గమకాండమును కనుగొన్నారు. "స్వింగ్ లో, స్వీట్ చారియట్" వింటే యొర్దాను, ఏలీయా రథము కన్నుల ఎదుట నిలుస్తాయి. ఎంత మెల్లగా పాడినా ప్రతి మాట చివరి వరుసవారికి వినబడేలా వైట్ వారికి తర్ఫీదు ఇచ్చాడు. 1872లో థియొడోర్ సీవార్డ్ ఆ పాటలను స్వరపరచి పుస్తకముగా వెలువరించాడు.

ఆ యేడే వారు అధ్యక్షుడు గ్రాంట్ ఎదుట పాడారు. 1873లో ఇంగ్లండు వెళ్ళి విక్టోరియా రాణి ఎదుట పాడారు. కూడబెట్టిన సొమ్ముతో జూబిలీ హాల్ అనే గొప్ప భవనము లేచి, 1876 జనవరి 1న ప్రతిష్ఠించబడింది. అది నేటికీ నిలిచియున్నది. ఆ శ్రమలో ఆరోగ్యము పోగొట్టుకొన్నవారు, గొంతు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. 1878లో ఆ మొదటి బృందము విడిపోయింది. అయినా పాట ఆగలేదు. ఫ్రెడరిక్ లౌడిన్ నడిపిన బృందము 1884 నుండి 1890 వరకు ప్రపంచమంతా తిరుగుతూ మన దేశానికి కూడా వచ్చింది. ఫిస్క్ విద్యార్థులు నేటికీ పాడుతూనే ఉన్నారు. 2021లో వారికి గ్రామీ బహుమానము లభించింది. ప్రతి అక్టోబరు 6న ఆ తొలి తొమ్మిదిమందిని జ్ఞాపకము చేసుకొంటారు.

ప్రియులారా, ఏ పాట పాడడానికి ఆ పిల్లలు బిడియపడ్డారో, ఆ పాటే వారి విద్యాలయమును నిలబెట్టింది. మన ఇండ్లలోనూ కుటుంబ ప్రార్థనలో అవ్వలు పాడే పాత పాటలున్నాయి. మైకుకు బాగుండవని పిల్లలు వాటిని తోసివేస్తున్నారు. అక్షరము రాని ఆ అవ్వ కన్నీళ్ళు, విశ్వాసము ఆ పాటలోనే ఉన్నాయి. ఈ వారము ఆమె దగ్గర కూర్చొని ఒక్క పాటయినా పాడించుకొని, నోటు పుస్తకములో వ్రాసి పెట్టుకొనండి. ఆమెతోపాటు అది మట్టిలో కలిసిపోతే, దానిని మరల నేర్పేవారుండరు.

ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక.