నాణెముపై దైవనామము

దేవుని నమ్ముట ప్రజల పని. ఆ నమ్మకమును ప్రజలందఱి పేర చాటుట ప్రభుత్వపు పని యగునా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న పలుమాఱులు న్యాయస్థానముల కెక్కినది. "దేవునియందు మా విశ్వాసము" అనునది ఆ దేశపు జాతీయ సూక్తి. నాణెములపైనను, నోట్లపైనను, పెక్కు పాఠశాలల గోడలపైనను అది కానవచ్చుచున్నది. భక్తులు గల దేశమున భక్తివాక్యముండిన దోషమేమని చదువరులలో కొందఱడుగవచ్చును. అది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు.

మొదట చరిత్రమును చూతము. ఈ సూక్తి ఆ గణరాజ్యముతో పుట్టినది కాదు. 1782లో ఏర్పడిన రాజ్యముద్రపై, గ్రద్ద ముక్కున గల పట్టీమీద, "అనేకమునుండి ఏకము" అను లాటిను వాక్యము వ్రాయబడెను. 1787లో రచింపబడిన రాజ్యాంగము ఏ ప్రభుత్వోద్యోగమునకును మతపరీక్ష యుండరాదని శాసించెను. దేవుని పేరు నాణెముపైకి వచ్చినది అంతర్యుద్ధకాలమున, 1864లో, రెండు సెంట్ల నాణెముతో. అది జాతీయ సూక్తి యైనది 1956లో. సోవియట్టు రష్యా నాస్తిక రాజ్యమనియు, తాము దానికి భిన్నులమనియు చాటుకొనవలెనను ఆతురత ప్రబలిన దినములవి. రెండును భయకాలములే. ఆపదలో దేవుని తలచుకొనుట మానవసహజము. కాని తలచుకొనుట వేఱు, శాసనము చేయుట వేఱు.

ఈ వాక్యమును నాణెములపైనుండి తొలగింపజూచినవారిలో భక్తులును గలరు. 1907లో అధ్యక్షుడు థియొడోరు రూజ్వెల్టు క్రొత్త బంగారు నాణెములపై దీనిని లేకుండ చేసెను. పవిత్రవాక్యమును డబ్బుపై ముద్రించుట భక్తి కాదనియు, అపచారమునకు సమీపమనియు ఆయన యభిప్రాయము. అలజడి పుట్టినందున 1908లో కాంగ్రెసు దానిని మరల నెక్కించెను. ఐనను ఆయన యాక్షేపణకు తగిన సమాధానము మాకు కనబడలేదు. జూదశాలలోను, సారాదుకాణములోను, లంచము చేతులు మాఱుచోటను ఆ దైవనామము చెల్లుచునే యున్నది గదా!

న్యాయస్థానములు చెప్పిన సమాధానము మఱింత విచిత్రమైనది. ఈ సూక్తి మతస్థాపన క్రిందికి రాదనియు, అది దేశభక్తికిని లాంఛనమునకును సంబంధించినదే యనియు 1970లో ఒక అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఇట్టి మాటలు పదేపదే వల్లింపబడుటచే మతార్థమును పోగొట్టుకొన్నవి గనుక నిలువవచ్చునని 1984లో వేఱొక వ్యాజ్యమున న్యాయమూర్తి బ్రెన్నన్ సూచించెను. ఇందలి విపరీతమును గమనింపుడు. దైవవాక్యము రాజ్యమున నిలువవలెనన్నచో, అందు దైవము లేదని వాదింపవలసివచ్చినది! నాస్తికునికి కలిగిన నష్టముకంటె భక్తునికి కలిగిన నష్టమే ఇందు పెద్దది.

అధికసంఖ్యాకులు దీనిని కోరుచున్నారందురా? నిజమే. 2011లో అమెరికా ప్రతినిధిసభ 396 వోట్లతో దీనిని పునరుద్ఘాటించెను. ప్రతికూలురు 9 మందియే. అంత బలము గల విశ్వాసమునకు సర్కారు ఊతకఱ్ఱ యేల? ప్రభుత్వ పాఠశాలలలో ఈ సూక్తిని ప్రదర్శింపవలెనని 2018లో టెన్నెసీ రాష్ట్రము చట్టము చేసినది. నాణెమును జేబులో వేసికొని మఱచిపోవచ్చును. గోడమీది వాక్యము ముందర బాలుడు ప్రతిదినమును నడువవలెను. అందలి "మా" అను మాటలో తాను లేనని ఆ పసివాడు ఎవరితో చెప్పుకొనును?

మన దేశమునకును ఈ ప్రశ్న యెదురైనది. రాజ్యాంగ పీఠికను దేవుని పేర ప్రారంభింపవలెనని 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో హెచ్. వి. కామత్ సవరణ తెచ్చెను. అనుకూలముగ 41, ప్రతికూలముగ 68 వోట్లు వచ్చెను. నాడు ఓడినది దేవుడు కాడు, నిర్బంధము. పదవీ ప్రమాణమును దేవుని సాక్షిగ చేయుటయో, ఆత్మసాక్షిగ చేయుటయో ప్రమాణము చేయువాని యిష్టమునకే మన రాజ్యాంగము విడిచిపెట్టినది.

మన రాజ్యచిహ్నము క్రింది "సత్యమేవ జయతే" ముండకోపనిషత్తునుండి గ్రహింపబడినదే. ఐనను దాని నంగీకరించుటకు ఏ దేవునిని గాని, ఏ మతమును గాని అంగీకరింపవలసిన పని లేదు. అంతకంటె ముఖ్యమైన భేద మొకటి కలదు. "మేము నమ్ముదుము" అను సూక్తి పౌరుని హృదయమును పరీక్షించును. "సత్యమే జయించును" అను సూక్తి ప్రభుత్వపు నడవడిని పరీక్షించును. రాజ్యసూక్తి పాలకులను కట్టవలెను గాని పాలితులను కట్టరాదు.

అట్లని మనము గర్వింపరాదు. సత్యముద్ర గల కాగితముపై అసత్యము వ్రాయబడునప్పుడెల్ల ఆ మాటయు ఉత్త లాంఛనమే యగును. దేవుని పేరు గుండెలో నుండనిండు. సత్యము కచ్చేరిలో నుండవలెను.