ధ్యానంలో ఒళ్ళు ఊగితే

కొన్నేళ్ళ క్రితం, ధ్యానానికి కూర్చున్న కాసేపటికి నా తల దానంతటదే కుడివైపుకు ఊగడం మొదలైంది. తోటి సాధకులు "కుండలిని కదిలింది" అన్నారు. ఆ మాట నాకు మహా రుచించింది. మరునాటి నుంచి నేను కళ్ళు మూసుకున్నది ధ్యానం కోసం కాదు, ఆ ఊపు కోసం.

నా గర్వం దించినవాడు పతంజలి. యోగసూత్రాల సమాధిపాదం 31వ సూత్రంలో ఆయన అవయవాల వణుకును "అంగమేజయత్వం" అన్నాడు. దుఃఖం, దౌర్మనస్యం, శ్వాసప్రశ్వాసల సరసన దానినీ చిత్తవిక్షేపానికి తోడుగా వచ్చేవాటిలో చేర్చాడు. హఠయోగప్రదీపిక కాస్త ఉదారం: ప్రాణాయామంలో కంపాన్ని మధ్యమస్థాయి లక్షణంగా ఒప్పుకుంది. ఉత్తమస్థాయి మాత్రం దానికి పైనే ఉంది. శక్తిపాత సంప్రదాయాలు వీటినే "క్రియలు" అని ఆదరిస్తాయి.

ఇవేవీ ఎరగని మనిషికి కూడా నిద్రలోకి జారుతుండగా ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. దానిని ఎవరూ సిద్ధి అనుకోరు కదా! ఇక ధ్యానం వెలుపల కూడా కుదుపులు వస్తున్నా, స్పృహ తప్పుతున్నా ముందు వెళ్ళవలసింది నరాల వైద్యుని దగ్గరికే. మూర్ఛను మహిమ అనుకుంటే చికిత్స ఆలస్యమవుతుంది.

నా మటుకు నాకు, ఆ వణుకు దోషమూ కాదు, బిరుదూ కాదు. వస్తే రానిచ్చి, మళ్ళీ శ్వాస దగ్గరికి మరలడమే సాధన. ఊపు కోసం ఎదురుచూడటం మానేశాక, అది ఏనాడు ఆగిపోయిందో నేను గమనించనే లేదు.