మెకానిక్కు రాసిచ్చిందల్లా చేయించాలా?

పోయిన నెల మా అమ్మాయి నడిపే కారుకి ఆయిలు మార్పిద్దామని పొద్దున్నే షాపుకి తీసుకెళ్ళాను. అరగంటలో అయిపోతుందన్నారు. కాఫీ సగం తాగానో లేదో, సర్వీసు అడ్వైజరు ఒక కాగితం పట్టుకొని వచ్చి పక్కన కూర్చున్నాడు. కాగితం నిండా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్ళు. ఎరుపూ పసుపూ కలిపి పదకొండు పనులు. అడుగున మొత్తం 1,846 డాలర్లు. "అన్నీ ఈ రోజే చేయించుకుంటే పది శాతం తగ్గిస్తాం" అన్నాడు, చాలా మర్యాదగానే.

అమెరికాలో కారున్న మన వాళ్ళలో ఈ కాగితం అందుకోని వాళ్ళు ఉండరనుకుంటాను. వేల లైన్ల కోడులో తప్పెక్కడుందో వెతికి పట్టుకునే మనం, ఈ కాగితం ముందు మాత్రం రెండే రకాలుగా ప్రవర్తిస్తాం. తల ఊపి క్రెడిట్ కార్డు ఇచ్చెయ్యడం ఒకటి. "వీళ్ళంతా ఇంతే" అనుకొని మొత్తానికి వద్దనడం రెండోది. నేను రెండూ చేశాను. మొదటిదానికి డబ్బు పోయింది. రెండోదానికి అంతకన్నా పెద్దది పోవలసింది, తప్పిపోయింది.

అన్నిటికీ సరేనన్న రోజులు

2008లో నేను శాన్ హోసే వచ్చిన కొత్తలో పాత కారొకటి 3,500 డాలర్లకు కొన్నాను. అంతకుముందు నాకు తెలిసిన రిపేరు అంటే మా నాన్నగారి చేతక్ స్కూటరే. విజయవాడ ఆటోనగర్లో మాకు తెలిసిన మెకానిక్కు దగ్గర నాన్నగారు స్టూలు వేసుకొని కూర్చునేవారు. అతను అరిగిపోయిన క్లచ్ ప్లేటు ఊడదీసి నాన్నగారి చేతిలో పెట్టి, "చూడండి సార్, ఇంకేముంది ఇందులో" అనేవాడు. నాన్నగారు వేలితో తడిమి చూసి సరే అనేవారు. అక్కడ నమ్మకానికి ఆధారం ఆ ముక్క.

ఇక్కడ ఇన్సూరెన్సు నిబంధనలంటూ మనల్ని లోపలికి రానివ్వరు. అద్దాల గదిలో కూర్చుని కాగితం చూడడమే. మొదటి ఏడాది వాళ్ళు రాసిందల్లా చేయించాను. ఇంజను ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, మూడు వేల మైళ్ళకోసారి ఆయిలు. ఏడాది తిరిగేసరికి లెక్క చూస్తే కారు ఖరీదులో సగం దాటింది. అందులో ఎక్కువ పనులు ఓనర్స్ మాన్యువల్లో అసలు లేనేలేవని తర్వాత తెలిసింది.

అన్నిటికీ వద్దన్న రోజులు

అప్పటినుంచి అటువైపు మళ్ళాను. ఆఫీసులో లంచ్ దగ్గర మిత్రులు చెప్పే మోసాల కథలు దానికి తోడయ్యాయి. అడ్వైజరు నోరు తెరవకముందే "ఆయిలు ఒక్కటే, ఇంకేం వద్దు" అనడం అలవాటైంది. అలా అన్నప్పుడల్లా ఏదో గెలిచినట్టుండేది.

2012 వేసవిలో మా అమ్మ విజయవాడ నుంచి వచ్చింది. ఒక శనివారం నేను ఆఫీసులో రిలీజ్ పనిలో ఉండి వెళ్ళలేకపోతే, మా ఆవిడే అమ్మనీ, మూడేళ్ళ పాపనీ తీసుకొని శాంతాక్రూజ్ సముద్రం చూపించడానికి వెళ్ళింది. తిరుగు ప్రయాణంలో 17వ నెంబరు రోడ్డు కొండ ఎక్కి లాస్ గాటోస్ వైపు దిగుతుంది. మలుపుల మీద మలుపులు. ఆ దిగుడులో బ్రేకు నొక్కితే ఇనుముని ఇనుము గీరుతున్న చప్పుడు. పెడల్ ఎంత తొక్కినా బండి ఆగవలసినంతగా ఆగడం లేదు. తను గాభరా పడకుండా గేరు తగ్గించి, ఫ్లాషర్లు వేసుకొని, కుడి లేన్లో నెమ్మదిగా దింపి, ఊళ్ళోకి రాగానే ఒక పెట్రోలు బంకులో ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు.

నేను వెళ్ళేసరికి అమ్మ పాపని ఒళ్ళో పెట్టుకొని బెంచీ మీద కూర్చునుంది. మా ఆవిడ ఒకటే అడిగింది. "ఏమండీ, బ్రేకుల సంగతి షాపు వాళ్ళు మీకు ముందే చెప్పారా?"

చెప్పారు. గ్లవ్ బాక్సులో పాత కాగితాలు రెండున్నాయి. మొదటిదాంట్లో "ముందు బ్రేకు ప్యాడ్లు 3 మిల్లీమీటర్లు" అని ఉంది. నాలుగు నెలల తర్వాతి దాంట్లో "2 మిల్లీమీటర్లు". నేను రెండుసార్లూ పక్కనున్న ధర చూశాను, అంకె చూడలేదు. అప్పుడు చేయించి ఉంటే 180 డాలర్లు. ప్యాడ్లు పూర్తిగా అరిగి రోటర్లనీ, ఒక కాలిపర్‌నీ పాడుచెయ్యడంతో 640 అయింది. కానీ ఆ రోజు బెంచీ మీద కూర్చున్న ముగ్గురిని చూశాక డబ్బు లెక్క నాకు గుర్తు రాలేదు.

ఆ కాగితాలు రాసిన మెకానిక్కు నిజాయితీపరుడు. అతని నిజం నాకు అబద్ధంలా వినపడింది, అంతే. అందుకే అంటాను, అన్నీ నమ్మడమూ ఏదీ నమ్మకపోవడమూ ఒకే జబ్బు. రెండింట్లోనూ మనం కాగితాన్ని చదవడం లేదు.

కొలతా, పేజీ

ఇప్పుడు నేను కాగితంలోని ప్రతి పనికీ రెండే అడుగుతాను. "మీరు కొలిచిన అంకె ఎంత?" లేకపోతే, "ఇది మాన్యువల్లో ఏ పేజీలో ఉంది?" రెండిట్లో ఏదో ఒకటి ఉండాలి. రెండూ లేకపోతే, కారులో ఏ లక్షణమూ కనపడకపోతే, ఆ పని నాకు అక్కర్లేదు.

కొన్ని అంకెలు గుర్తుపెట్టుకోండి. కొత్త బ్రేకు ప్యాడు సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3కి వస్తే మార్చాలి. 6 ఉండి కూడా మార్చమంటే తొందరేమీ లేదు. టైరు గాడి లోతు అంగుళంలో 32వ వంతుల్లో కొలుస్తారు. చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకునే కనీసం 2. పెన్నీ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టినప్పుడు లింకన్ తల మొత్తం కనపడితే టైరు పని అయిపోయిందన్నమాట. వానలో 2 చాలదు. క్వార్టర్ పెట్టి చూసినప్పుడు వాషింగ్టన్ తల మొత్తం కనపడితే, అంటే 4 దగ్గరికి వస్తే, నేను కొత్త టైర్లు చూసుకుంటాను. టైరు పక్కన డాట్ అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం.

ఇక మాన్యువల్. మూడు వేల మైళ్ళకోసారి ఆయిలు అనేది పాతకాలపు మాట. ఇవాళ సింథటిక్ ఆయిలు వాడే చాలా కార్లకు ఐదు వేల నుంచి పది వేల మైళ్ళ దాకా చెబుతారు. మీ కారుకి ఎంతో మీ మాన్యువల్లోనే ఉంటుంది. అందులో "సివియర్" అని ఇంకో పట్టిక కూడా ఉంటుంది. రోజూ రెండు మూడు మైళ్ళే తిరగడం, బాగా దుమ్ము, బరువులు లాగడం లాంటివి మీకు వర్తిస్తే అదే చూడాలి.

మూడు కుప్పలు

తర్వాత పనుల్ని మూడు కుప్పలు చేస్తాను. మన భాషలో చెప్పాలంటే సివియారిటీ నిర్ణయించడం. ఇది ఆగిపోతే ఏమవుతుంది అన్నదే ప్రశ్న.

మొదటి కుప్ప, ప్రాణానికి సంబంధించినవి. బ్రేకులు, టైర్లు, స్టీరింగు, సస్పెన్షన్ జాయింట్లు, లైట్లు. ఇక్కడ బేరం లేదు. అనుమానముంటే ఆ రోజే ఇంకో షాపులో చూపించండి. వాయిదా మాత్రం వెయ్యకండి.

రెండో కుప్ప, ఇప్పుడు వందలు పెట్టకపోతే రేపు వేలు అడిగేవి. ఆయిలు, కూలెంటు, వేడెక్కుతున్న ఇంజను ఇందులోకి వస్తాయి. టైమింగ్ బెల్టు ఉన్న కారైతే అదీను. దీన్ని సాధారణంగా 60 వేల నుంచి లక్ష మైళ్ళ మధ్య మార్చమంటారు. కొన్ని ఇంజన్లలో ఆ బెల్టు తెగితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొని ఇంజను మొత్తం పోతుంది. బెల్టు కాకుండా చెయిను ఉన్న కార్లకు ఈ బాధ లేదు. బెల్టు మార్చేటప్పుడు వాటర్ పంపు కూడా మార్చమంటే వెంటనే మోసం అనుకోకండి. ఆ పంపు బెల్టుతోనే తిరిగేదైతే, దాన్ని చేరడానికి ఊడదియ్యవలసినవన్నీ అప్పటికే ఊడదీసి ఉంటాయి. ఏడాది తర్వాత పంపు పోతే అదే కూలీ మళ్ళీ కట్టాలి.

మూడో కుప్ప, ఆగగలిగినవీ, మనమే చేసుకోగలిగినవీ. చాలా కార్లలో క్యాబిన్ ఫిల్టరు గ్లవ్ బాక్సు వెనకే ఉంటుంది. పది నిమిషాల పని. ఎయిర్ ఫిల్టరూ, వైపర్లూ అంతే.

ఎలక్ట్రిక్ కార్లకు ఆయిలూ టైమింగ్ బెల్టూ లేవు కాబట్టి రెండో కుప్ప చిన్నది. మొదటి కుప్ప మాత్రం వాటికీ ఉంది.

లైటు వెలిగితే

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి. ఇరవై ముప్పై డాలర్ల స్కానరు పెట్టుకుంటే చెక్ ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో కోడు చదవొచ్చు. ఇక్కడే మన వాళ్ళు తొందరపడతారు. పి0420 అని రాగానే క్యాటలిటిక్ కన్వర్టరు పోయిందని తేల్చేస్తారు. ఆ కోడు చెప్పేది కన్వర్టరు సరిగా పనిచేస్తున్నట్టు కనపడటం లేదని మాత్రమే. పొగగొట్టంలో లీకు వల్లా రావచ్చు, ఆక్సిజన్ సెన్సర్ వల్లా రావచ్చు. తప్పు బయటపడిన చోటూ తప్పు జరిగిన చోటూ ఒకటి కానక్కర్లేదని మనకి వేరే చెప్పాలా? అందుకే అసలు కారణం వెతికినందుకు మెకానిక్కు అడిగే ఫీజు న్యాయమైనదే. మన గంటకి అంతకంటే ఎక్కువ బిల్లు వేసే మనం అతని గంటని ఉచితంగా అడగకూడదు. ఇంకో సంగతి, కన్వర్టరు నిజంగానే పోయినా, 8 ఏళ్ళు లేక 80 వేల మైళ్ళలో ఏది ముందైతే అంతవరకూ దానికి ఫెడరల్ ఎమిషన్స్ వారంటీ ఉంటుంది. లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే మాత్రం స్కానరు కోసం చూడకండి. కాలని పెట్రోలు కన్వర్టర్లోకి పోతోందన్నమాట. వీలైనంత త్వరగా పక్కకి ఆపండి.

తప్పు మనుషులదేనా?

చాలా షాపుల్లో అడ్వైజరుకి అమ్మినదాని మీద కమిషను. మెకానిక్కుకి పుస్తకంలో ఆ పనికి రాసిన గంటల లెక్కన జీతం. 1992లో కాలిఫోర్నియా వినియోగదారుల వ్యవహారాల శాఖ తన మనుషుల్ని మామూలు కస్టమర్లలా పంపి చూసి, సియర్స్ ఆటో సెంటర్లు అక్కర్లేని రిపేర్లు అమ్ముతున్నాయని ఆరోపించింది. గొడవయ్యాక ఆ కంపెనీ అడ్వైజర్ల కమిషన్ పద్ధతిని తీసేసింది. కనిపెట్టిన బగ్గుకి ఇంతని మనకి జీతమిస్తే మన జాబితాలు ఎంత పొడుగుంటాయో ఊహించుకోండి. కాబట్టి ఎదుటి మనిషి మీద కోపం అనవసరం. ఆధారం అడగడం అవసరం.

అడిగే హక్కు మనకుంది. కాలిఫోర్నియాలో పని మొదలుపెట్టే ముందు ఎస్టిమేటు రాసివ్వాలి, మన అంగీకారం తీసుకోవాలి. పాత భాగాలు కావాలని ముందే అడిగితే ఇవ్వాలి. కంపెనీకి వెనక్కి పంపవలసినవైతే కనీసం చూపించాలి. మా నాన్నగారి చేతిలో పెట్టిన క్లచ్ ప్లేటే ఇక్కడ చట్టమైందన్నమాట. అలాగే 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఆయిలు బయట మార్పించారన్న ఒక్క కారణంతో వారంటీ చెల్లదనడానికి వీల్లేదు. రసీదులు మాత్రం దాచుకోవాలి.

ఆ పదకొండు పనులు

కాగితం పట్టుకొని అడ్వైజరుని ఒక్కొక్కటే అడిగాను. వెనక ప్యాడ్లు 3 మిల్లీమీటర్లు, చెయ్యమన్నాను. కూలెంటు మాన్యువల్లో ఉంది, గడువు దాటింది, అదీ చెయ్యమన్నాను. ట్రాన్స్‌మిషన్ ఆయిలు వచ్చే నెలకి. బ్యాటరీ మీద 550 ఆంపులని రాసి ఉంటే టెస్టులో 310 వచ్చింది. అది నిజమే, కానీ ఆ సాయంత్రం నేనే కొని మార్చాను. రెండు ఫిల్టర్లూ, వైపర్లూ కూడా అంతే. బ్రేకు ఆయిలు నిరుడే మార్పించిన రసీదు నా ఫోల్డర్లో ఉంది. చూపిస్తే తనే కొట్టేశాడు. ఇంజను ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్ మూడింటికీ కొలతా లేదు, పేజీ లేదు. వద్దన్నాను. ఆయిలు కాక అక్కడ కట్టింది 410 డాలర్లు. అతను ఏమీ నొచ్చుకోలేదు. పాత ప్యాడ్లు అడగకుండానే ఒక సంచిలో వేసి తెచ్చి ఇచ్చాడు.

ఆనాటి మూడేళ్ళ పాపకి మొన్ననే లైసెన్సు వచ్చింది. వచ్చే వారం స్నేహితులతో శాంతాక్రూజ్ వెళ్తానంటోంది, అదే 17వ నెంబరు రోడ్డు మీద. ఆ అరిగిన ప్యాడుని తన చేతిలో పెట్టి, కొత్తదాని పక్కన పెట్టి చూపించాను. కాగితం అందుకుంటే ముందు ధర చూడొద్దనీ, అంకె చూడమనీ చెప్పాను. మీ ఇంట్లో కారు తీసుకెళ్ళే ప్రతివాళ్ళకీ ఈ ఒక్క మాట చెప్పండి. గ్లవ్ బాక్సులో పాత కాగితాలేమైనా ఉంటే, ఈ రాత్రికే ఒకసారి తీసి చదవండి.