కందకు లేని దురద

అమెరికాలో మమోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్‌ను పసిగట్టే ఎక్స్‌రే పరీక్ష) మాటెత్తితే చాలు, కొందరు పెద్దమనుషులది ఒకటే పాట: ఆడవాళ్లు అయోమయంలో పడ్డారు, భయం ముందు లెక్కలు వాళ్ల తలకెక్కవు. 2024 ఏప్రిల్‌లో, ఏ పరీక్ష ఎవరికి అవసరమో సూచించే నిపుణుల బృందం ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 40 ఏళ్ల నుంచే రెండేళ్లకోసారి పరీక్ష చేయించుకోమన్నాక ఆ పాట మళ్లీ అందుకున్నారు.

అయోమయం ఎవరిది? ఇదే టాస్క్‌ఫోర్స్ 2009 నవంబరులో, నలభైల్లో ఉన్నవాళ్లందరికీ ఈ పరీక్ష అక్కర్లేదు, 50 నుంచి మొదలుపెట్టండి అంది. 2015లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 45 అంది, అదీ ఏటేటా. ఇప్పుడు టాస్క్‌ఫోర్స్ 40 అంటోంది. పదిహేనేళ్లలో వయసు అటూ ఇటూ జరిగింది నిపుణుల చేతుల్లో, తడబాటు మాత్రం ఆడవాళ్ల ఖాతాలో పడింది! 2009లో ఆడవాళ్లు గగ్గోలు పెడితే, ప్రభుత్వ విధానమేమీ మారలేదని ఆరోగ్య మంత్రి కాథ్లీన్ సెబీలియస్ రోజుల్లోనే ప్రకటించారు. మా మాటల కూర్పు బాగాలేదని టాస్క్‌ఫోర్స్ ఉపాధ్యక్షురాలే కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నారు. నలభైల్లో ఉన్నవాళ్ల గురించి రాసిన ఆ వాక్యాన్ని దిద్దుకున్నారు కూడా. రాసినవాళ్లే దిద్దుకున్న వాక్యాన్ని చదివినవాళ్లు అర్థం చేసుకోలేదనడం ఏం న్యాయం?

అన్నిటికన్నా ఒళ్లు మండించేది ‘ఆందోళన’ అనే మాట. పరీక్ష వల్ల కలిగే నష్టాలంటూ నిపుణులు రాసే జాబితాలో దానికో చోటు. మళ్లీ రమ్మని ఫోన్ వస్తుంది, ఇంకోసారి ఎక్స్‌రే తీస్తారు, సూది గుచ్చి ముక్క తీస్తారు, ఫలితం వచ్చేదాకా నిద్ర ఉండదు. నిజమే. కానీ ఆ నిద్రలేని రాత్రుల ఖరీదు ఎంతో కట్టాల్సింది ఎవరు? 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన సర్వేలో 479 మంది అమెరికన్ స్త్రీలను అడిగారు: ఒక్క ప్రాణం దక్కడానికి ఎన్ని తప్పుడు హెచ్చరికలు భరిస్తారు? 500 అయినా, అంతకు మించినా సమంజసమేనన్నారు 63 శాతం మంది. 10,000 అయినా సరేనన్నవాళ్లు 37 శాతం. తప్పుడు హెచ్చరికలుంటాయని దాదాపు అందరికీ తెలుసు. తెలిసే చెప్పారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

అదే సర్వేలోని ఇంకో అంకెను చూపి ఎదుటిపక్షం చంకలు గుద్దుకుంటుంది: ముదరకుండా అలాగే ఉండిపోయే రొమ్ము క్యాన్సర్లు కూడా ఉంటాయని నమ్మినవాళ్లు ఆరు శాతమే. ఎలా నమ్ముతారు? ఏటా అక్టోబరులో సాగే రొమ్ము క్యాన్సర్ అవగాహన ప్రచారం 1985లో మొదలైంది; దానికి క్యాన్సర్ సొసైటీతో పాటు పెట్టుబడి పెట్టింది రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్ తయారుచేసే కంపెనీ. తర్వాత ఆ ప్రచారానికి గుర్తయిన గులాబీ రంగు పెరుగు డబ్బాల మీదికీ ఎక్కింది. తొందరగా పట్టుకుంటే గండం గడిచినట్టేనని ఏళ్ల తరబడి ఊదరగొట్టి, ఇప్పుడు ‘అయ్యో, అలా నమ్మారేమిటి’ అంటే ఎలా?

అలా ముదరని క్యాన్సర్లు కూడా పరీక్షలో బయటపడి అనవసరంగా క్యాన్సర్ ముద్ర పడే ప్రమాదం గురించి, మమోగ్రామ్‌ల మీద కెనడాలో జరిగిన అధ్యయనం ఉందిగా అంటారు. ఉంది. దాని మీద రేడియాలజిస్టులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

చేయాల్సిందల్లా లెక్కలు ఆమె ముందు పరిచి, నువ్వే చెప్పమ్మా అనడం. కానీ ఆమె చేతికి అందుతున్నదేమిటి? నిబంధన ప్రకారం 2024 సెప్టెంబరు నుంచి మమోగ్రామ్ తీయించుకున్న ప్రతి స్త్రీకీ రొమ్ము కణజాలం దట్టంగా ఉందో లేదో తెలిపే కాగితం ఇచ్చి తీరాలి. దట్టంగా ఉంటే అల్ట్రాసౌండో ఎంఆర్ఐయో కూడా చేయించుకోవాలా? చెప్పడానికి ఆధారాలు చాలవని అదే ఏడాది టాస్క్‌ఫోర్స్ చేతులెత్తేసింది. ఆ కాగితం పట్టుకుని ఆమె కంగారుపడితే, అదీ నష్టాల జాబితాలోకే ఎక్కుతుంది.