చిత్రములకు తీర్పరి యెవరు?

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని పెద్దలందురు. చలనచిత్రముల విషయమున నేడు మనకు ఆ మాత్రపు పరీక్షయు కఱవైనది. ఎసటిలో ఎన్ని బస్తాల బియ్యము పోసిరి, పొయ్యిలో ఎన్ని బండ్ల కట్టెలు కాలెను అను లెక్కయే విమర్శ యనిపించుకొనుచున్నది. శుక్రవారమున చిత్రము విడుదల యగును. శనివారము తెల్లవాఱునప్పటికి ఇన్ని కోట్లు వచ్చినవని గోడపత్రికలు చాటును. ఆ కోట్లు నిజమైనను కావచ్చును, కాకపోయినను కావచ్చును. నిజమే యైనను అవి వర్తకుని చిట్టాకు సంబంధించినవి. భార్యాబిడ్డలతో హాలునకు బోవలెనా వలదా యని యోచించు గృహస్థునకు కావలసిన మాట వేఱు. ఈ చిత్రము చూడదగినదా? చూచినందువలన మనస్సునకు ఏమి మిగులును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పువారు తగ్గిపోవుచున్నారు.

చెప్పువారినైనను చెప్పనిచ్చుచున్నారా? 2024వ సంవత్సరము నవంబరులో తమిళనాటి నిర్మాతల సంఘమువారు, ప్రదర్శనశాలల యావరణలలో ప్రేక్షకుల యభిప్రాయములను సేకరించుటను మాన్పింపవలెనని కోరిరి. మొదటి మూడు దినములు విమర్శలనే ఆపివేయవలెనని మద్రాసు ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. ప్రతికూలాభిప్రాయము చెప్పుటయు వాక్స్వాతంత్ర్యమున భాగమేయని న్యాయస్థానము ఆ కోర్కెను నిరాకరించెను. అది మేలైన తీర్పు. సరుకు మంచిదని నమ్మిన వర్తకుడు తూకమునకు జంకడు. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొన్నట్లు, తన చిత్రమును గూర్చి మూడు దినములు ఎవ్వరును మాటాడరాదని కోరు నిర్మాత తన సరుకును గూర్చి తానే సాక్ష్యము పలుకుచున్నాడు.

అయితే విమర్శకులలో దోషము లేదని మేము వాదింపము. చిత్రమును చూడకమునుపే తిట్టువారు కలరు. చూచిన పిమ్మట రుసుము పుచ్చుకొని పొగడువారును కలరు. ఒక పుటలో ప్రకటన వేసి, ప్రక్క పుటలో ఆ ప్రకటనకే భాష్యము వ్రాయు పత్రికలును లేకపోలేదు. నటుని పేరునుబట్టియు, అతని కులమునుబట్టియు చిత్రమును నెత్తిన బెట్టుకొను వారు, కాళ్ల క్రింద త్రొక్కువారు ఊరూరను బయలుదేఱిరి. దీనికి మందు నోళ్లు మూయించుట కాదు. చదువుకొన్న గృహస్థులు తామే నోరు విప్పి, చూచినదానిని చూచినట్లు, కారణము చూపి, ఇరుగుపొరుగులకు చెప్పుటయే దీనికి మందు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పుటకు హేతువు కలదు. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదున ఆర్.టి.సి. క్రాస్ రోడ్ల కడ సంధ్యా ప్రదర్శనశాలలో ‘పుష్ప 2’ చిత్రము విడుదలకు ముందటి ప్రత్యేక ప్రదర్శనము జరిగెను. అభిమాన నటుడు వచ్చెనని జనము త్రొక్కిసలాడిరి. బిడ్డలతో చిత్రము చూడవచ్చిన ఒక యిల్లాలు ఆ కాళ్ల క్రింద ప్రాణము విడిచినది. ఆమె కుమారుడు మృత్యుముఖమువఱకును బోయెను. ఆ రాత్రి ప్రదర్శనమునకు మామూలు ధరపై ఎనిమిదివందల రూపాయలు హెచ్చుగా వసూలు చేసికొనుటకు ప్రభుత్వమే యనుమతించియుండెను. ఇట్టి ప్రత్యేక ప్రదర్శనములకు, అధిక ధరలకు ఇక ననుమతి లేదని ముఖ్యమంత్రి ఆ నెలలోనే శాసనసభలో ప్రకటించిరి. మఱుసటి నెల, 2025 జనవరిలో, సంక్రాంతికి వచ్చిన మఱియొక పెద్ద చిత్రమునకు అధిక ధరలు మంజూరైనవి. ఉన్నత న్యాయస్థానము ప్రశ్నించిన మీదట అవి ఉపసంహరింపబడినవి. ఆంధ్రప్రదేశమున కథ వేఱొక తీరున నడచెను. 2021లో పల్లెటూరి హాళ్లు దీపము పెట్టుకొనుటకైనను చాలనంత తక్కువ ధరలు నిర్ణయించి, 2022 మార్చిలో వానిని సవరించిరి. ఒకచోట అతివృష్టి, ఒకచోట అనావృష్టి. ప్రభుత్వములకు ఒక నీతి యుండవలెను: చిత్రము పెద్దదైనను చిన్నదైనను, మొదటి దినమైనను పదవ దినమైనను, ఒకే హాలులో ఒకే కుర్చీకి ఒకే ధర. మొదటి మూడు దినముల ధర పెంచుట యనగా, చిత్రము మంచిచెడ్డలు లోకమునకు తెలియకమునుపే లోకముచేత డబ్బు కట్టించుట. విమర్శను మూడు దినములు ఆపుమనుటయు, ధరను మొదటి దినములలో పెంచుమనుటయు ఒక్క యూహకు పుట్టిన కవలలు.

తెలుగు చిత్రము ఎల్లకాలము ఇట్లుండలేదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు ‘మాలపిల్ల’ తీసిరి. చలముగారి కథ, తాపీ ధర్మారావుగారి సంభాషణలు. దేవాలయ ప్రవేశమును, అస్పృశ్యతను గూర్చి దేశము వాదించుకొనుచున్న దినములలో ఆ వాదమును తెరమీదికి దెచ్చి, అగ్రహారమును, మాలపల్లెను ఎదురెదురుగా నిలిపిరి. మఱుసటి సంవత్సరము ఆయనయే ‘రైతుబిడ్డ’ తీసి జమీందారీ దౌష్ట్యమును చూపిరి. జమీందారులు కొందఱు మండిపడిరి. చిత్రము నిషేధమునకు గుఱియయ్యెను. వింత యేమనగా, ఆ చిత్రమునకు పెట్టుబడి పెట్టినవారు చల్లపల్లి రాజావారు, తామును జమీందారే! తన వర్గమును తప్పుపట్టు కథకు తన పెట్టె తెఱచుట సామాన్యమైన యౌదార్యము కాదు. మా తూనికఱాయి యిదియే: చిత్రము చూచువారిని బుజ్జగించుచున్నదా, లేక చూచువారి యింటి తలుపునే తట్టి ప్రశ్నించుచున్నదా?

ఈ తూనికఱాతితో ఇటీవలి నాలుగు చిత్రములను తూచి చూతము.

మొదటిది లోకమెఱిగిన ‘ఆర్.ఆర్.ఆర్.’ 2022 మార్చిలో విడుదలయ్యెను. చంద్రబోసు వ్రాసి, కీరవాణి బాణీ కట్టిన ‘నాటు నాటు’ పాటకు 2023లో ఆస్కారు పురస్కారము లభించినప్పుడు ప్రతి తెలుగువాడును పొంగినాడు, పొంగుట తగును. తెల్లదొరల కొలువుకూటమున, వారి నృత్యమునకు బదులుగా, ఇద్దఱు తెలుగు యువకులు పల్లెటూరి చిందు త్రొక్కిన ఆ ఘట్టము వినోదముగా నుండుటయే కాదు, అభిమానముగను ఉన్నది. కాని మన బాలురు ఆ చిత్రమే చరిత్రమని భ్రమపడు ప్రమాదము కలదు. అల్లూరి సీతారామరాజు ఆంగ్లేయుల పోలీసు కాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడి చేసి తుపాకులు గైకొన్నవాడు. 1924 మేలో ప్రాణమర్పించినవాడు. కొమరం భీము నిజాము రాజ్యమున గోండుల భూమికై, అడవికై పోరాడి 1940లో జోడేఘాటులో నేలకొఱగెను. చిత్రమున వలె వారిద్దఱును చెలికాండ్రై కలిసి పోరాడిన చరిత్ర లేదు. ఇది కల్పనయని దర్శకుడు మొదటినుండియు చెప్పుచునే యున్నాడు. దోషము చెప్పనివానిది కాదు, విననివారిది. అయినను అటవీ చట్టములు, పోడుపై నిర్బంధములు, కూలి లేని వెట్టిచాకిరి, మన్యమును రగిల్చిన ఈ కారణములకు మూడు గంటల చిత్రమున చోటు చిక్కకపోవుట మాకు లోటుగా తోచినది. చిత్రము చూడుడు, చూచి వచ్చిన రాత్రి పిల్లలకు అసలు కథ చెప్పుడు.

రెండవది ‘బలగం’. 2023 మార్చిలో వచ్చెను. అంతకుమునుపు హాస్యనటుడుగా పేరొందిన వేణు యెల్దండి దీనికి దర్శకుడు. ఒక తెలంగాణ పల్లెలో కొమురయ్య యను వృద్ధుడు మరణించును. పిండము పెట్టిన ప్రతిసారియు కాకి ముట్టదు. భోజనము కడ ఒక బొక్క కొఱకు మొదలైన మాట పట్టింపు, ఇరువది యేండ్లు ఆడుబిడ్డను పుట్టింటికి దూరము చేసెను. ఆ వృద్ధుని తీఱని కోరిక యేమో కాకి చెప్పకయే చెప్పినది. కథ యింతియే. ఇందు గుఱ్ఱములు లేవు, కత్తులు లేవు. పదునొకండవ నాడు బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన పాట విని కంట తడి పెట్టనివారు అరుదు. కాసర్ల శ్యామ్ వ్రాసిన ‘ఊరు పల్లెటూరు’ పాటకు జాతీయ పురస్కారము వచ్చెను. దానికన్న మించిన పురస్కారము పల్లెలు ఇచ్చినవి. ఊరి నడుమ తెర కట్టి, ముసలివారును పిల్లలును చాపలు పఱచుకొని ఆ చిత్రమును చూచిరి. విడిపోయిన అన్నదమ్ములు చూచి కలిసిరని వార్తలు వచ్చినవి. నిర్మాతలు మొదట అభ్యంతరము తెలిపినను జనాదరమును జూచి మెత్తబడిరి. తప్పు చెప్పవలెనన్నచో, మద్యపానము ఇందు మంచినీటి వలె పాఱినది. అయినను గట్టు తగవుల కొఱకు తోబుట్టువులతో మాటలు మానిన భూవసతిగల కుటుంబములు మన జిల్లాలలో ఎన్ని లేవు? అట్టివారు తప్పక చూడవలసిన చిత్రము. సాధ్యమైనచో ఆ తగవుపడిన వారినే వెంటబెట్టుకొని చూడుడు.

మూడవది ‘35 చిన్న కథ కాదు’. 2024 సెప్టెంబరులో వచ్చెను; దర్శకుడు నందకిశోర్ ఈమాని. తిరుపతిలో ఒక బాలుడు గణితమున వెనుకబడును. సున్నకు తనకై విలువ లేనప్పుడు, ఒకటి ప్రక్కన నిలిచినంతనే అది పది యెట్లగును అని యడుగును. ప్రశ్నించిన బాలునికి సమాధానము దొరకదు. మార్కులనుబట్టి పేరు మాత్రము దొరకును. పదవ తరగతి గట్టెక్కని తల్లి బిడ్డకొఱకు తాను మరల గణితము నేర్చుకొనును. సున్నను లోకమునకిచ్చిన దేశమని సభలలో చప్పట్లు కొట్టించుకొను మనము, సున్నను గూర్చి యడిగిన పిల్లవానిని బల్ల మీద నిలబెట్టుచున్నాము. లక్షలు చెల్లించి పిల్లలను కళాశాలల వసతిగృహములకు పంపి, వారి ముఖమైన చూడక ర్యాంకు మాత్రమే అడుగు తండ్రులకు ఈ చిత్రము మేము ప్రత్యేకముగా సిఫారసు చేయుచున్నాము. కథ అచ్చటచ్చట నెమ్మదిగా సాగును, ఓపిక పట్టదగును.

నాల్గవది ‘కోర్టు’. 2025 మార్చిలో వచ్చెను. దర్శకుడు రామ్ జగదీశ్. 2013 నాటి విశాఖపట్టణము. పదునేడేండ్ల బాలిక, పందొమ్మిదేండ్ల పేదింటి యువకుడు ఒకరినొకరు ఇష్టపడిరి. ఇంటి పరువే ప్రాణముగా నెంచు ఒక పెద్దమనిషి, బాలల రక్షణకై 2012లో పార్లమెంటు చేసిన పోక్సో చట్టమును ఆయుధముగా జేసి ఆ యువకుని చెఱసాలకు బంపును. ఆ పెద్దమనిషి పాత్రలో శివాజీ నటన చూచినపుడు మనలో పెక్కుమందికి తమ యింటి అరుగు మీద కూర్చున్న ఎవరో ఒకరు జ్ఞప్తికి రాక మానరు. ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. చట్టము దుర్వినియోగమైన కథ చూచి, చట్టమే యనవసరమని తలంపరాదు. నోరులేని పసిబిడ్డలకు ఆ చట్టమే దిక్కు. ధనము, పలుకుబడి గలవారి చేతిలో ఏ చట్టమైనను వంగునను సత్యమును, న్యాయవాది పట్టుబట్టినచో అది తిరిగి నిటారుగా నిలుచునను సత్యమును ఈ చిత్రము చెప్పుచున్నది.

ఈ నాల్గింటిలో మొదటిదానికి మా సిఫారసుతో పని లేదు. దానికి లోకమంతయు సాక్షి. తక్కిన మూడింటిలో కథానాయకుడుగా పెద్ద నటుడు లేడు, తెల్లవాఱుజామున డప్పులు లేవు. అవి బ్రదికినది ఒకరు చూచి మఱియొకరికి చెప్పుటవలననే. అట్లు చెప్పువారు లేకపోవుటచేత ఎన్ని మంచి చిత్రములు రెండవ వారము చూడకుండగనే హాళ్లనుండి తొలగిపోయినవో! నోటిమాటకింత శక్తి యున్నపుడు దానిని మనము ఊరక పాఱవేయుట న్యాయమా?

కావున మా మనవి మూడు విధములు. మొదటి దినమున చూడకున్న పరువు పోవునను భ్రాంతి మానుడు. రెండు దినములు ఆగినంత మాత్రమున చిత్రము పారిపోదు, మీ పర్సులోని డబ్బు మాత్రము కొంత మిగులును, మీ బిడ్డలు త్రొక్కిసలాటకు దూరమగుదురు. చిత్రము చూచిన పిమ్మట ‘బాగున్నది’, ‘బాగులేదు’ అని ఊరకొనక, ఏది యేల బాగున్నదో నలుగురికి చెప్పుడు. కారణము చెప్పలేని పొగడ్త భజన, కారణము చెప్పలేని తెగడ్త పగ. మూడవది, గ్రామములలో స్థోమతుగల పెద్దలు, గ్రంథాలయ సంఘములవారు, నిర్మాతల యనుమతితో ఏడాదికి రెండుమార్లైనను మంచి చిత్రమును ఊరి నడుమ తెర కట్టి చూపింపుడు. ఊరి జాతరకు చందా లిచ్చు చేతులకు ఇది బరువు కాదు.

ఒక వర్గమును ప్రశ్నించు చిత్రమునకు ఆ వర్గమువాడే 1939లో ధనమిచ్చెను. నేడు మనలనెవ్వరును ధనమిమ్మని యడుగుట లేదు. టిక్కెట్టు కొనుటకు ముందు ఒక్క నిమిషము ఆలోచింపుమని, కొన్న పిమ్మట నిజము చెప్పుమని మాత్రమే యడుగుచున్నారు. ఎట్టి చిత్రములకు మనము డబ్బిత్తుమో అట్టి చిత్రములే మన బిడ్డలకు రేపు మిగులును.